ఇప్పసారాలో భద్రపరచిన రాతిపురుగు

ఇరవై ఏళ్లుగా నేను ఏ ఊరు బయల్దేరినా వాక్యం చెప్పడానికే బయల్దేరాను. చేతిలో గ్రంథం, చంకలో గొడుగు, గొంతులో నిప్పు. అనంతగిరి కొండలకి మాత్రం ఒక మగపురుగును పట్టుకోవడానికి వెళ్లాను. నవ్వేవాళ్లు నవ్వండి. సోమరిపోతుని చీమ దగ్గరికి పోయి బుద్ధి తెచ్చుకోమన్న లేఖనం నాది. పురుగు దగ్గరికి పోవడం నాకు నామోషీ కాదు. అయితే ఆ రోజు నేను నేర్చుకున్న బుద్ధి, నేర్చుకుందామని వెళ్లినది కాదు. మీలో ఎవరైనా ఆ దారిన వెళ్లాలనుకుంటే రైలు వేళలు, జీపు కిరాయి కూడా దొరుకుతాయి, ఓపికగా చదవండి.

నేను పోర్టులో క్రేన్ ఆపరేటర్ని. ఉండేది మల్కాపురం. పొద్దున్నే డాబా ఊడిస్తే చీపురుకి నల్లపొడి అంటుకునే చోటు. నాతో ఒకే షిఫ్టు చేసే వెంకటరత్నం కృష్ణా జిల్లా నుంచి వచ్చి మా పేటలోనే స్థిరపడిన మనిషి. వాళ్లింట్లో వెంకన్న పటం, మా ఇంట్లో సిలువ. ఇన్నేళ్లలో ఆయన నన్ను మార్చలేదు, నేను ఆయన్ని మార్చలేదు, ఇద్దరం ఒకరినొకరు బావా అనుకోవడం మానలేదు. ఒక శుక్రవారం షిఫ్టు దిగుతుంటే ఆయన నా భుజం పట్టుకున్నాడు.

“బావా, రేపు నీకు ఆఫ్ కదా, ఖాళీయేనా? మా హైమకి తోడు వెళ్లాలి. నాకు సెలవివ్వలేదు.”

“ఏటి బావా, పెళ్లిసూపులా?”

“పెళ్లిచూపులే అనుకో. కాకపోతే పెళ్లికొడుకు పురుగు.”

హైమ ఆయన ఒక్కగానొక్క కూతురు. విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం మీద పరిశోధన చేస్తోంది. ఆమె వెతికేవాటిని ఇంగ్లీషులో స్టోన్‌ఫ్లైలు అంటారు. తెలుగులో పేరు కనబడలేదు కాబట్టి నేను రాతిపురుగు అంటాను. కొండల్లో పరుగెత్తే గెడ్డల్లో, అంటే వాగుల్లో, రాళ్ల కింద, నెలల తరబడి పిల్లపురుగుగా బతుకుతుంది. చివర్లో ఒకరోజు రాయెక్కి, పాత చర్మం విడిచి, రెక్కలు తొడుక్కుంటుంది. ఆ రెక్కల బతుకు కొద్దిరోజులే. శుభ్రమైన చల్లటి నీళ్లు లేకపోతే బతకదు. నీళ్లు పాడయ్యాయంటే అందరికంటే ముందు వెళ్లిపోయేది అదే. మా మల్కాపురం గెడ్డలో ఎందుకు లేదని నేను అడగలేదు.

శనివారం ఉదయం ఆరున్నరకల్లా విశాఖపట్నం స్టేషన్లో ఉన్నాం. కిరండూల్ పాసింజరు ఆరూ యాభైకి కదులుతుంది. బొర్రా గుహలు స్టేషన్ వరకు టికెట్టు ఇరవై రూపాయల లోపే. శనివారం కాబట్టి పిక్నిక్ జనం ఎక్కువ, అరగంట ముందు వెళ్తే తప్ప కిటికీ దొరకదు. శృంగవరపుకోట దాకా పొలాలు, ఆ తర్వాత కొండలు, ఒకదాని వెనక ఒకటి సొరంగాలు. సొరంగం వచ్చినప్పుడల్లా కాలేజీ కుర్రాళ్లు కేకలు పెడతారు. మొదటి మూడింటికీ నేను కసురుకున్నాను. నాలుగోదానికి నేనూ ఒక హల్లెలూయ వదిలాను. పెట్టెంతా చప్పట్లు.

వెలుగు వచ్చాక హైమ తన నోటుపుస్తకం తీసి నాకు బొమ్మలు చూపించింది. రెండేళ్ల కింద ఆ కొండల్లో ఒక గెడ్డలో ఆమెకు కొన్ని పిల్లపురుగులు, రెండు ఆడపురుగులు దొరికాయట. ఇప్పటిదాకా పుస్తకాల్లో ఉన్న ఏ జాతికీ అవి సరిపోవడం లేదు.

“అయితే కొత్తజాతి అని రాసీయొచ్చు కదమ్మా?” అన్నాను.

“కుదరదు మావయ్యా. వీటిలో ఆడవన్నీ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. తేడా తెలిసేది మగదాని దగ్గరే. పొత్తికడుపు చివర లోపలికి మడిచిపెట్టుకున్న ఒక అవయవం ఉంటుంది. అది తాళంచెవి లాంటిదనుకోండి. ఒక్కో జాతికి ఒక్కో చెవి. ఆ చెవి చూపించకుండా కొత్తది అంటే ఎవరూ ఒప్పుకోరు. మా సార్ అయితే ఆ అధ్యాయమే తీసేయమన్నారు.”

“మరి మగది దొరకలేదా?”

“పోయినేడు ఒకటి దొరికింది. స్పిరిట్ అయిపోయి ప్రాణంతోనే తెచ్చాను. వేడికి చచ్చి, గోపాలపట్నం వచ్చేసరికి మెత్తబడి నల్లగా కుళ్లిపోయింది.” ఆ మాట అంటూ కిటికీ బయటికి చూసింది. “ఈ నెల దాటితే రెక్కలవి కనబడవు. సోమవారం నేను శ్రీకాకుళం అవతల కాలేజీలో ఉద్యోగానికి చేరాలి. ఇదే ఆఖరి రోజు మావయ్యా.”

అప్పుడు అర్థమైంది నాకు, బావ ఎందుకంత గట్టిగా నా భుజం పట్టుకున్నాడో.

పదింటికి బొర్రాలో దిగాం. స్టేషన్ బయట సింహాద్రి జీపుతో నిలబడి ఉన్నాడు. హైమ ఎప్పుడొచ్చినా అతని జీపే. రోజుకి ఆరువందలు, డీజిలు అందులోనే. మీరూ ముందే మాట్లాడుకోండి, స్టేషన్ బయట అప్పటికప్పుడు అడిగితే రేటు కొండంత ఎత్తుకి పోతుంది. మలుపుల రోడ్డు మీద జీపు ఎగిరినప్పుడల్లా డ్రైవరు సీటు కింద నుంచి ఏదో ఘాటు వాసన నా ముక్కుకి తగులుతోంది. నాకు ఆ వాసన తెలుసు. పదేళ్ల కింద మా పేటలో ఆడవాళ్లు సారాకొట్టు మూయించినప్పుడు, పగిలిన సీసాల మధ్య నిలబడి వాక్యం చెప్పినవాణ్ణి నేను.

“సింహాద్రీ, మందు అలవాటుందా?” అన్నాను, తేలిగ్గా అడిగినట్టు.

“వారానికి ఒక్కపాలే సార్, ఆదివారం.”

“ఇయ్యాళ శనివారం.”

“అందుకే కదా సార్, జీపు రోడ్డు మీద ఎల్తంది.”

హైమ నవ్వింది. నేను నవ్వలేదు. మనసులో ప్రసంగం మొదలైపోయింది.

ముప్పావుగంటలో గెడ్డ పక్కనున్న గూడేనికి చేరాం. పదిహేను ఇళ్లు, రోడ్డు పక్కన ఒక టీకొట్టు, దాని ముందు సీతాఫలాల బుట్టలు పెట్టుకున్న నలుగురు ఆడవాళ్లు. హైమ, సింహాద్రి వలలు పట్టుకుని ముందుగా గెడ్డలోకి దిగిపోయారు. “మావయ్యా, జీపులో నా సంచి, మీ గొడుగు తీసుకుని నెమ్మదిగా రండి,” అంది హైమ. నెమ్మదిగా రమ్మనడమే తప్పయింది. టీ చేతిలో ఉంది, ఎదురుగా పదిమంది ఉన్నారు, వాళ్లలో ఇద్దరు మగవాళ్లు పదకొండు గంటలకే తూలుతున్నారు. నా నోరు ఊరుకుంటుందా? ద్రాక్షతోట వేసి, తాగి, గుడారంలో ఒళ్లు తెలియకుండా పడిపోయిన పెద్దాయన దగ్గర మొదలుపెట్టాను. జలప్రళయాన్ని దాటినవాడు గిన్నెడు రసాన్ని దాటలేకపోయాడే అన్నాను. సారా కాచే చేతికీ నరకం, తాగే నోటికీ నరకం అన్నాను. ఆడవాళ్లు తలలూపారు. తూలేవాళ్లలో ఒకడు శ్రద్ధగా విని, చివర్లో సీతాఫలం ఇచ్చాడు.

ఆ ఊపులోనే సంచి కోసం జీపు తలుపు తీశాను. డ్రైవరు సీటు కింద తువ్వాల్లో చుట్టిన సీసా. మూత తిప్పాను. గుప్పుమంది. ఘాటురోడ్డు మీద, ఒక ఆడపిల్లని వెనక కూర్చోబెట్టుకుని, సీటు కింద ఇది! సీసా పైకెత్తి జనానికి చూపించాను. “ఇదిగో, సైతాను ఎక్కడ కూసున్నాడో సూడండి!” అంటూ రోడ్డు పక్క రాళ్ల మీద అరలీటరూ ఒలకబోశాను. చివరి చుక్క దాకా విదిలించాను. సీసాకి మూత పెట్టి, తువ్వాల్లో చుట్టి, ఉన్నచోటే పెట్టాను. ఎవరి పాపం వాళ్లకే తెలియాలని.

సీతాఫలాల ముసలమ్మ ఒకామె నా వంక, తడిసిన రాళ్ల వంక చూసింది. “నేల తాగీసింది. నేలకి నరకం ఉంటాదేటయ్యా?” అంది. నేను జవాబు చెప్పకుండా గెడ్డలోకి దిగాను. గెలిచినవాడికి జవాబుతో పనేముంది?

గెడ్డ దగ్గర రెండుగంటలు ఎలా గడిచాయో నాకు తెలియలేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి, చల్లదనం ఎముకకి తగిలింది. రాళ్ల మీద పురుగులు విడిచిన ఖాళీ చర్మాలు, కాళ్లు, మీసాలతో సహా, ఆరేసిన చొక్కాల్లా అంటుకుని ఉన్నాయి. అంటే రెక్కలవి దగ్గరలోనే ఉన్నాయన్నమాట. వాటిని పట్టే పద్ధతి విని నేను నోరు తెరిచాను. గొడుగు విప్పి తలకిందులుగా పొద కింద పట్టుకోవాలి. కర్రతో కొమ్మ మీద కొట్టాలి. పొదలో దాగినవన్నీ గొడుగులో రాలతాయి. ఇరవై ఏళ్లు ఎండకీ వానకీ అడ్డంపెట్టిన నా నల్లగొడుగు ఆరోజు మొదటిసారి ఆకాశం వైపు నోరు తెరిచింది. సాలీళ్లు రాలాయి, ఎర్రచీమలు రాలాయి, ఒక పచ్చటి గొల్లభామ రాలి నా మెడలో దూరింది. మధ్యలో రాయి మీద కూర్చుని హైమ వాళ్లమ్మ కట్టిచ్చిన పులిహోర తిన్నాం. మళ్లీ మొదలుపెట్టాం. రెండు ఆడవి రాలాయి, అవి ముందే ఉన్నాయని హైమ వదిలేసింది. మగది లేదు. హైమ మాటిమాటికీ గడియారం చూసుకుంది.

రెండు గంటలప్పుడు, నీళ్ల మీదికి వంగిన ఒక కొమ్మని నేను చివరి దెబ్బ అన్నట్టు కొట్టాను. గొడుగులో గోధుమరంగు పురుగు ఒకటి పడింది. వేలిగోరంత పొడవు. రెక్కలు వీపుమీద చదునుగా మడుచుకుని, వెనక రెండు తోకలతో, గొడుగు ఊచ వెంట గబగబా నడుస్తోంది. హైమ దాన్ని గాజుగొట్టంలోకి తీసుకుని భూతద్దం కింద పెట్టింది. ఊపిరి బిగబట్టి వీపు చివరి పలకలు చూసింది. అక్కడ మగదానికి ఒక చిన్న బొడిపె ఉంటుందట.

“మావయ్యా! మగది! మగది!”

ఆ పిల్ల గెడ్డలో మోకాల్లోతు నీళ్లలో గంతులేసింది. నేను గ్రంథంతో సహా గంతులేశాను. సింహాద్రి ఈలవేశాడు. కొండలో తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం తొంభైతొమ్మిదింటిని వదిలి వెళ్లిన కాపరి సంతోషం ఏమిటో అప్పుడు తెలిసింది నాకు.

“సింహాద్రీ, నీ దగ్గర దాచమన్న స్పిరిట్ సీసా పట్రా, త్వరగా,” అంది హైమ.

నా గంతు గాల్లోనే ఆగిపోయింది.

రైల్లో స్పిరిట్ తీసుకురాకూడదని, పోయినసారి వచ్చినప్పుడే సీసా సింహాద్రి దగ్గర దాచి వెళ్లిందట. పురుగులు కుళ్లకుండా ఉంచేది అదే. నేను నోరు తెరిచేలోగా సింహాద్రి గట్టెక్కిపోయాడు. పది నిమిషాల్లో ఖాళీ సీసా తిరగేసి చూపిస్తూ దిగాడు.

“అమ్మా, ఎవడో తాగీసాడు.”

హైమ మొహం పాలిపోయింది. “తాగారా? అది తాగేది కాదు సింహాద్రీ, విషంతో సమానం! ఎవరు తాగారో కనుక్కో, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి!” అని గట్టు వైపు పరుగెత్తబోయింది. పురుగు సంగతే మరిచిపోయింది. ఇంక నేను ఊరుకుంటే మనిషిని కాను.

“ఆగమ్మా. నానే.”

“మీరు తాగారా మావయ్యా?”

“తాగలేదమ్మా! ఒలకబోసీసాను. సింహాద్రిదనుకున్నాను.”

సింహాద్రి రాయి మీద కూలబడ్డాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. “అయిబాబోయ్! మీ ప్రభువు నీళ్లని ద్రాక్షరసం సేసాడంటారు కద సార్. మీరేటి, స్పిరిట్‌ని మట్టి సేసీసారు!”

హైమ నవ్వలేదు, తిట్టలేదు. రాయి మీద కూర్చుని గాజుగొట్టాన్ని నీడలో పట్టుకుంది. తిట్టినా బావుండేది. దేవుడు ఒకప్పుడు మొండి ప్రవక్తని ఆపడానికి గాడిద నోరు తెరిపించాడు. నన్ను ఆపడానికి ఒక గాడిద కూడా దొరకలేదా అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, ఆ గాడిద పాత్ర ఖాళీగా లేదు, నేనే చేశాను.

అనంతగిరి మందులషాపులో స్పిరిట్ ఉండొచ్చు. కానీ వెళ్లిరావడానికి గంటన్నర పడుతుంది, శనివారం మధ్యాహ్నం షాపు తెరిచి ఉంటుందన్న నమ్మకం లేదు. గొట్టంలో పురుగు అప్పటికే ఒక కాలు ఈడుస్తోంది. చచ్చి మెత్తబడ్డాక ఆ తాళంచెవి బయటికి రాదు. సింహాద్రి నవ్వు ఆపి తల గోక్కున్నాడు.

“సార్, ఏటనుకోకపోతే ఒకమాట. ఊళ్లో తొలిసారా ఉంటాది. ఇప్పపువ్వుది. బట్టీలోంచి మొదట దిగిన ధార. అగ్గిపుల్ల సూపిత్తే మండుతాది.”

హైమ తల ఎత్తింది. “మండుతుందా? అంత ఘాటుంటే చాలు. ఇవాళ్టికి ఆగుతుంది, ల్యాబ్‌కి వెళ్లి మార్చుకోవచ్చు.”

“అయితే ఎల్లి అడుగు సింహాద్రీ,” అన్నాను.

“నానా? నాను అడిగితే తాగడానికనుకుంటారు. మీరైతే నమ్ముతారు. పొద్దుట మీరు సెప్పింది ఊరంతా ఇన్నాది.”

కడుపు బాగాలేని శిష్యుడికి కొంచెం ద్రాక్షరసం పుచ్చుకోమని ఉత్తరం రాసిన అపొస్తలుణ్ణి తలుచుకుంటూ గట్టెక్కాను. టీకొట్టు దగ్గర అదే జనం. ఎవరింట్లో ఉందని అడిగితే అందరూ ఒకే మనిషిని చూపించారు, సీతాఫలాల ముసలమ్మని. పేరు సుక్రి.

“ఏటయ్యా, మళ్లీ వచ్చావు? ఒలకబొయ్యడానికి ఇంకోటి కావాలా?”

“కాదమ్మా. నాకు కొంచెం సారా కావాలి.”

టీ గ్లాసులు గాల్లో ఆగాయి. పొద్దున్న నాకు సీతాఫలం ఇచ్చినవాడు ముందుగా తేరుకున్నాడు. “నరకం కత సెప్పీసరికి గొంతు ఎండిపోనాది పాపం!”

“నాకు కాదమ్మా, పురుగుకి!”

ఇక ఆపేవాళ్లు లేరు. కొట్టువాడు గరిట వదిలేసి నవ్వాడు. సుక్రి మాత్రం నవ్వు కొంగులో దాచుకుని నా మొహంలోకి చూసింది. నా వెనకే వచ్చిన హైమ చేతిలోంచి గొట్టం తీసుకుని వెలుతురుకి పెట్టింది.

“ఇది మా గెడ్డలోదే. వానలు తగ్గితే దీపం కాడికి వత్తాయి.”

“దీన్ని మీరేమని పిలుస్తారు మామ్మా?” అంది హైమ.

“పేరెందుకు? తినేదా, కరిసేదా?”

“పేరుంటే దీనికి లెక్క ఉంటుంది మామ్మా. రేపెవరైనా వచ్చి ఈ గెడ్డలో ఏముందిలే, పాడైతే ఏం అంటే, ఇదిగో ఇది ఇక్కడ ఉంది అని చూపించొచ్చు. ఇది కుళ్లిపోతే చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండదు.”

సుక్రి గొట్టం తిరిగి హైమ చేతిలో పెట్టి ఇంట్లోకి వెళ్లింది. అటక మీంచి ఒక సీసా దించి తెచ్చింది. ఇంకో పది రోజుల్లో ఆమె పెనిమిటి పోయి ఏడాది అవుతుందట. ఆ దినానికి అతని పేరు చెప్పి నేలమీద పోయడానికి తొలిధార పట్టి దాచింది. అమ్మడానికి కాదు, తాగడానికీ కాదు. ఈ సీసా గురించా పొద్దున్న నేను నరకం చెప్పింది?

ఒక పుల్ల సారాలో ముంచి పొయ్యికి చూపించింది. నీలంగా మండింది. “తొలిదే,” అంది హైమ వంక చూసి. నేను వెంట తెచ్చిన ఖాళీ స్పిరిట్ సీసాలోకి చారెడు వొంపింది. నేను జేబులో చెయ్యి పెట్టబోతే గసిరింది. “పెద్దోళ్లకి ఉంచినదానికి డబ్బు తీసుకోరు. కానీ ఆయనకి సెప్పకుండా ఇవ్వకూడదు. నువ్వే ఒక సుక్క నేలమీద పొయ్యి. పొద్దుట బాగా పోసావు కదా, నీకు సెయ్యి తిరిగినాది.”

మళ్లీ నవ్వులు. నాకు నవ్వు రాలేదు. ఇది సరదా కాదు. చచ్చినవాళ్లకి అర్పణ పోయకూడదని నమ్మే మనిషిని. ఇరవై ఏళ్లు అదే చెప్పాను. పోస్తే నేను నేను కాను. పోయకపోతే ఆ పిల్ల రెండేళ్ల కష్టం గొట్టంలో కుళ్లిపోతుంది. అబద్ధం పోత పోయడం కన్నా నిజం చెప్పడం మేలనిపించింది.

“అమ్మా, నా నమ్మకంలో అది సెయ్యకూడదు. నువ్వు పొయ్యి. నీ పక్కన తల వంచి నిలబడతాను. మీ ఆయన పేరేటి?”

“బుద్రు.”

“బుద్రుకి సెప్పు, పొద్దుట తెలీక నోరు జారానని.”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “నిలబడ్డం సాలు,” అంది. చుక్క నేలమీద వదిలి, వాళ్ల భాషలో ఏదో చెప్పింది, మధ్యలో నావైపు చెయ్యి చూపించింది. ఏం చెప్పిందో గాని ఆమె పెదవుల మీద నవ్వు మెరిసింది. నేను తల వంచి, ఆ ఇంటి మీద శాంతి సమాధానాలు ఉండాలని నా దేవుణ్ణి నేను వేడుకున్నాను.

ఆ తర్వాత పని హైమది. టీకొట్టు బల్లమీద సన్నటి పట్టకారుతో పురుగు పొత్తికడుపుని రెండువైపులా మెల్లగా నొక్కింది. ఆవగింజలో సగమైనా లేని తెల్లటి గొట్టం ఒకటి బయటికి తిరిగి వచ్చింది. ఊరంతా మూగింది. నేను మర్యాదకి మొహం తిప్పుకున్నాను గాని సుక్రి చెయ్యి పట్టి లాగి చూపించింది. అలాగే పట్టుకుని, గొట్టంలో పోసిన సారాలోకి వదిలింది హైమ. నలకంత కాగితం మీద పెన్సిలుతో ఊరు, గెడ్డ, తారీఖు, పట్టినవాళ్ల పేర్లు రాసి గొట్టంలోనే వేసింది. పెన్ను సిరా అయితే కరిగిపోతుందట. ఊరూ పేరూ లేని పురుగు దొరికీ దొరకనట్టేనట. పట్టినవాళ్లలో నా పేరు కూడా రాసింది. ఒలకబోసినవాళ్ల పేరు రాసే చోటు ఆ కాగితంలో లేదు, అదృష్టం.

అప్పటికి బొర్రాలో తిరుగు రైలు దాటిపోయింది. సింహాద్రి శృంగవరపుకోటలో దించాడు, దానికి ఇంకో రెండువందలు. అక్కడి నుంచి విశాఖకి అరగంటకో బస్సు ఉంది, ముప్పై రూపాయల లోపు. గొట్టం నా చొక్కాజేబులో పెట్టుకున్నాను. కుదుపులకి బిరడా చెమ్మగిల్లి చొక్కా ఘుమఘుమలాడింది. పెందుర్తిలో మా సంఘపు సిస్టర్ ఒకామె ఎక్కి నా పక్కసీటులో కూర్చుంది. కొంగు ముక్కుకి పెట్టుకుంది.

“బ్రదర్... ఏటిది?”

“సారా సిస్టర్. ఇప్పసారా.”

ఆమె గోపాలపట్నంలో దిగిపోయింది. ఆమె ఇల్లు ఇంకో అరగంట దూరం.

మర్నాడు ఆదివారం. ఆరాధనలో ఎవరూ నన్ను అడగకముందే నేనే లేచి అంతా చెప్పాను. మందిరంలో అంత నవ్వు ఎప్పుడూ వినలేదు. సిస్టర్ కొంగు ఈసారి నోటికి అడ్డం పెట్టుకుంది. మధ్యాహ్నం హైమ ల్యాబ్‌కి వెళ్లాను. సూక్ష్మదర్శినిలోంచి చూడమంది. తాళంచెవి! చివర చిన్నచిన్న ముళ్లు, వరసగా, ఎవరో ఉలితో చెక్కినట్టు. పొదలో దాగే గోరంత పురుగు లోపల, ఎవరూ చూడని చోట, అంత నగిషీ పని! నా నోట మాట రాలేదు, ఎరిగినవాళ్లు ఇది నమ్మరు.

“ఇలాంటిది ఇప్పటిదాకా ఎవరూ గీయలేదు మావయ్యా,” అంది హైమ. కళ్లు తుడుచుకుని బొమ్మ గీయడం మొదలుపెట్టింది.

తర్వాత చాలా నెలలు పట్టింది. వేరే దేశాల్లో ఉన్న జాతులతో పోల్చింది, శ్రీకాకుళం నుంచి సెలవురోజుల్లో వచ్చి గుడ్లు కూడా చూసింది. చివరికి అచ్చయింది. జాతికి పేరు పెట్టేవాళ్లు తమ పేరే పెట్టుకోకూడదట. హైమ సుక్రి పేరు పెట్టింది. ఆ కాగితాలు పట్టుకుని పోయిన నెల మేమిద్దరం మళ్లీ ఆ గూడేనికి వెళ్లాం. అచ్చులో బొమ్మ చూపించి, పేరు చదివి వినిపించాం. సుక్రి కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.

“అది మగది కదా, దానికి ఆడదాని పేరెట్టారేటి?”

“మగదీ ఆడదీ అన్నిటికీ అదే పేరు మామ్మా. ఈ గెడ్డలో ఉన్నవన్నీ ఇకనుంచి సుక్రివే.”

ముసలమ్మ గెడ్డ వైపు తిరిగింది. “అయితే వాటికి నాను సెప్పాల,” అంది.

తోటలో మొదటి మనిషికి దేవుడు అప్పగించినది దున్నే పని ఒక్కటే అనుకుంటారు చాలామంది. జీవుల్ని తన ముందుకి నడిపించి, ఈ మనిషి వీటిని ఏమని పిలుస్తాడో చూద్దామని ఆయన నిలబడి చూశాడు. ఆ పని అప్పుడే అయిపోయిందనుకున్నాను ఇన్నాళ్లూ. అయిపోలేదు. మల్కాపురం పిల్ల ఒకతె మోకాల్లోతు నీళ్లలో నిలబడి ఇంకా చేస్తోంది. సారా మీద నా మాట మారలేదు, ఆ సంగతి స్పష్టంగా రాస్తున్నాను. ఇళ్లు కూల్చే సారాకి నేను ఇప్పటికీ శత్రువునే. కానీ ఊళ్లోకి వెళ్లిన వెంటనే నోరు తెరిచే అలవాటు తగ్గింది. ముందు పేరు అడుగుతున్నాను. పేరు తెలిసిన మనిషిని గంపగుత్తగా నరకానికి పంపడం అంత తేలిక కాదు.

మీరు వెళ్తే వానలు తగ్గాక, అక్టోబరులో వెళ్లండి. గెడ్డలో దిగి రాళ్లు తిప్పి చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది, తిప్పండి. చూశాక రాయిని విసిరేయకండి. తడివైపు కిందికి ఉండేలా, ఎలా ఉందో అలాగే, అదే గుంటలో పెట్టండి. దాని కింద కాపురం ఉన్నవాళ్లున్నారు.